'జాగ్రత్తమ్మా' అంటే సరిపోతుందా?

పోయిన దసరా సెలవుల్లో ఒక సాయంత్రం. గోరుచిక్కుళ్ళు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాను. బి.ఎస్సీ. నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని వచ్చి ఎదురుగా చతికిలబడింది.

"అమ్మా, సెలవులవగానే క్లాసులో నేను సెమినార్ చెప్పాలి. నీకోసారి తెలుగులో చెప్తాను, విను. నీకర్థమైతే అందరికీ అర్థమైనట్టే" అంది.

నా చదువు ఇంటర్మీడియెట్‌తో ఆగిపోయింది లెండి. అందుకే పిల్ల ఆ మాటన్నా కోపం రాలేదు, నవ్వొచ్చింది.

"దేని గురించే?" అన్నాను.

"హెచ్.ఐ.వి. గురించి. దక్షిణాఫ్రికాలో ఒకావిడ ముప్పై అయిదేళ్ళుగా దాని మీద పరిశోధన చేస్తున్నారు. ముఖ్యంగా ఆడపిల్లలకి అది రాకుండా ఎలా ఆపాలా అని. ఆవిడ పని గురించి చెప్పాలి."

చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది నాకు.

నా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ జబ్బు పేరు మన ఇళ్ళల్లో ఎలా పలికేవాళ్ళమో. అసలు పలికేవాళ్ళమే కాదు. "ఆ జబ్బు" అనేవాళ్ళం, అదీ గొంతు తగ్గించి. టి.వి.లో దాని గురించి ప్రకటన వస్తే ఎవరో ఒకరు లేచి చానెల్ మార్చేసేవాళ్ళు. మా ఇంట్లో ఆ మాట వినపడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది మా అక్క.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. వేసవి సెలవులకి వాళ్ళ ఊరు వెళితే నాకు జడలు వేసి, ముంజెలు ఒలిచి నోట్లో పెట్టేది. 1993లో దానికి పెళ్ళి చేశారు. అప్పటికి దాని వయసు 17. పెళ్ళికొడుక్కి 29. లారీ డ్రైవరు, కలకత్తా లైను. కట్నం అడగలేదు సరికదా, పెళ్ళి ఖర్చులో సగం తనే పెట్టుకున్నాడు. "కాస్త ముదురు సంబంధమైతేనేం, పిల్లని పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు" అన్నారు పెద్దవాళ్ళు. చూసుకున్నాడు కూడా. ఆయన చెడ్డవాడని నేను ఈనాటికీ అనను. ఆరేళ్ళు తిరిగేసరికి చిక్కి శల్యమై పోయాడు. ఆయన పోయాక అక్కకి రక్తపరీక్ష చేస్తే అప్పుడు తెలిసింది, జబ్బు తనకీ ఉందని.

ఊళ్ళో వాళ్ళు అక్కనే అన్నారు. "మొగుడు ఊళ్ళో లేనప్పుడు ఇదేం చేసిందో" అన్నవాళ్ళున్నారు. "ఆడది జాగ్రత్తగా ఉండొద్దూ" అన్నవాళ్ళూ ఉన్నారు. దేనికి జాగ్రత్తగా ఉండాలో, ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు.

2001లో ఆసుపత్రిలో చూపించుకోవడానికి అక్క మా ఊరు వస్తుండేది. నాకప్పటికి పెళ్ళయి ఏడాది. తిరుగు బస్సుకి టైముంటే మా ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్ళేది. తను వెళ్ళాక ఆ స్టీలు గ్లాసు విడిగా గూట్లో పెట్టేదాన్ని. మా అత్తగారు పెట్టమన్నారని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఆవిడ అన్నది ఒక్కసారే. మిగతాసార్లు ఎవరూ చెప్పకుండా నేనే పెట్టాను. నాలుగోసారి వచ్చినప్పుడు అక్క తన చేతిసంచిలోంచి గ్లాసు తీసి, "ఇందులో పొయ్యవే, నాది నేనే తెచ్చుకున్నా" అంది. కోపంగా అనలేదు. మామూలుగానే అంది. నేను అందులోనే పోశాను.

2002లో అక్క పోయింది. దాని వయసు 26. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ జబ్బుకి ఉచితంగా మందులివ్వడం మొదలైంది 2004 ఏప్రిల్ 1న. రెండేళ్ళు. ఆ రెండేళ్ళు ఆగగలిగి ఉంటే ఈరోజు బతికే ఉండేదేమో అనిపిస్తుంది.

ఇదంతా మా అమ్మాయికి తెలీదు. తను అక్క పోయాక పుట్టింది. "చెప్పవే, వింటాను" అన్నాను.

అది చెప్పిందంతా నాకర్థమైన పద్ధతిలో మీకు చెప్తాను.

ఆవిడ పేరు ఖురైషా అబ్దూల్ కరీం. డర్బన్‌కి దగ్గర్లో టోంగాట్ అనే చెరకు తోటల ఊళ్ళో 1960లో పుట్టారు. మూలాలు మన దేశంలో ఉన్న కుటుంబం. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి అక్కడి చెరకు తోటల్లోకి కూలికి వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా బోలెడంతమంది ఉన్నారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ డర్బన్ చుట్టుపక్కల ఉన్నారు. తెల్లవాళ్ళకి తప్ప ఇంకెవరికీ హక్కుల్లేని రోజుల్లో ఖురైషా గారు చదువుకుని, అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో పై చదువు పూర్తిచేసి తిరిగి తన దేశం వెళ్ళిపోయారు. భర్త సలీం గారిదీ అదే రంగం. ముగ్గురు పిల్లలు.

1990 ప్రాంతంలో ఆవిడ తన రాష్ట్రంలోని పల్లెల్లో జనానికి రక్తపరీక్షలు చేయించి చూశారు. అప్పటికి అక్కడ ఈ జబ్బు నూటికి ఒక్కరి ప్రాంతంలోనే ఉంది. ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. కానీ ఆవిడ లెక్కలన్నీ వయసుల వారీగా విడదీసి చూసుకున్నారు. పదహారు పదిహేడేళ్ళ కుర్రాళ్ళలో జబ్బు దాదాపు లేదు. అదే వయసు ఆడపిల్లల్లో ఉంది.

మా అమ్మాయి ఇక్కడ ఆగి, "కుర్రాళ్ళకి లేనప్పుడు ఆ పిల్లలకి ఎక్కడినుంచి వచ్చినట్టు? చెప్పు చూద్దాం" అంది.

"పెద్దవయసు మగాళ్ళ నుంచి" అన్నాను.

అది తెల్లబోయింది. "నీకెలా తెలుసు?"

"తర్వాత చెప్తాలే, నువ్వు కానీ" అన్నాను.

1994లో మండేలా గారు అధ్యక్షుడయ్యాక ఆ దేశపు ఎయిడ్స్ కార్యక్రమానికి తొలి డైరెక్టరుగా ఖురైషా గారినే పెట్టారు. ఆ రోజుల్లో ఏ దేశంలోనైనా జనానికి చెప్పేది ఇంతే: ఒక్కరితోనే ఉండండి, లేదా నిరోధ్ వాడండి. మంచి మాటలే. కాదనను. కానీ ఒక్కసారి ఆలోచించండి. నేను ఒక్కరితోనే ఉన్నాను సరే, ఆయన ఎవరితో ఉన్నారో నా చేతిలో ఉందా? నిరోధ్ వాడమని అడిగితే "నా మీద అనుమానమా?" అంటాడు, లేదా "నువ్వేం చేశావు?" అంటాడు. అక్కడి ఆడవాళ్ళూ అదే చెప్పారట. చెప్పిన రెండు జాగ్రత్తలూ మగవాడి చేతిలోనే ఉన్నాయి. ఆడదాని చేతిలో ఏముంది? ఏమీ లేదు.

ఆవిడ పరిశోధనంతా ఈ ఒక్క ప్రశ్న దగ్గర మొదలైంది. మగవాడి అనుమతి అక్కర్లేకుండా ఆడపిల్ల తనంతట తాను వాడుకోగలిగింది ఏదైనా ఉండాలి. హెచ్.ఐ.వి. వచ్చినవాళ్ళకిచ్చే టెనోఫోవిర్ అనే మందుని జెల్‌లాగా తయారుచేసి, కలయికకి ముందూ తర్వాతా వాడేలా ఇచ్చి చూశారు. 889 మంది స్త్రీలు అందులో పాల్గొన్నారు. కొందరు డర్బన్ వాళ్ళు, కొందరు వులిండ్లేలా అనే పల్లె ప్రాంతం వాళ్ళు. సగంమందికి మందున్న జెల్, సగంమందికి మందులేనిది. ఎవరికి ఏది వచ్చిందో ఎవరికీ తెలీదు. చివరికి లెక్క చూస్తే మందున్న జెల్ ఇచ్చినవాళ్ళలో జబ్బు 39 శాతం తగ్గింది. 2010లో వియన్నా మహాసభలో ఈ సంగతి చెప్పినప్పుడు సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టిందట. ఆడదాని చేతిలో ఉన్న మందు పనిచేస్తుందని లోకానికి తెలిసింది అప్పుడే.

"మరింకేం, గెలిచినట్టే కదా" అన్నాను.

"లేదమ్మా. 2015లో ఇంకా పెద్ద ఎత్తున మళ్ళీ పరీక్షించి చూస్తే ఆ జెల్ కాపాడలేదు."

"అదేం?"

"మందు పనిచెయ్యకపోవడం కాదు. సరిగ్గా వాడలేకపోయారు. వాళ్ళలో చాలామంది చిన్నపిల్లలు, పెళ్ళికానివాళ్ళు. అమ్మానాన్నలతో, అక్కచెల్లెళ్ళతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఆ డబ్బా దాచుకునే చోటు లేదు. ఎవరూ చూడకుండా వాడుకునే చోటూ లేదు."

ఇది వినగానే నాకు మొత్తం అర్థమైపోయింది. చదువుకున్న పెద్దపెద్దవాళ్ళకి ఈ సంగతి తెలియడానికి ఒక పరీక్ష, కొన్నేళ్ళు పట్టాయి గానీ, మనలో ఎవర్నడిగినా చెప్పేవాళ్ళం కాదూ? పెళ్ళయి కాపురానికొచ్చిన కొత్తలో నాదంటూ తాళం వేసుకునే డబ్బా ఒక్కటి లేదు. నెలసరి బట్టలు ఆరేసుకోవడానికే పెరట్లో చాటు వెతుక్కునేదాన్ని. మా అమ్మాయి హాస్టలుకి వెళ్ళేదాకా దానికీ సొంత బీరువా లేదు. దాని పుస్తకాల సంచి నేను రోజూ తీసి చూసేదాన్ని. మరి మా అక్కకి? దాని పెట్టె తాళంచెవి వాళ్ళత్తగారి బొడ్లో ఉండేది.

రోజూ వేసుకునే మాత్రలు కూడా వచ్చాయి. జబ్బు లేనివాళ్ళు, రాకుండా ముందుగా వేసుకునేవి. మంచివే, చాలా దేశాల్లో వాడుతున్నారు. కానీ మాత్రల డబ్బాకీ అదే తిప్పలు. కదిలిస్తే గలగలమంటుంది, కనబడితే "ఇవి దేనికి?" అంటారు.

2016లో డర్బన్ మహాసభలో ఖురైషా గారి సంస్థ వాళ్ళు ఇంకో పరిశోధన చెప్పారు. మనకి ఇంటిపేర్లున్నట్టే వైరస్‌కి కూడా ఒక రకం గుర్తులుంటాయట. ఇద్దరి రక్తంలోని వైరస్ గుర్తులు పోల్చి చూస్తే రెండూ ఒకే కొమ్మవో కాదో చెప్పొచ్చు. అలా వందలమందివి కలిపి చూస్తే 25 ఏళ్ళలోపు ఆడపిల్లలకి జబ్బు వచ్చింది తోటి కుర్రాళ్ళ నుంచి కాదు, తమకంటే సగటున ఎనిమిదేళ్ళకి పైగా పెద్దవాళ్ళైన మగవాళ్ళ నుంచి. ఆ మగవాళ్ళకి తమ ఈడు ఆడవాళ్ళ నుంచి వస్తోంది. ఈ పిల్లలే ముప్పైల్లోకి వచ్చాక తమ ఈడు మగవాళ్ళకి తెలియకుండానే అంటిస్తున్నారు. ఆ మగవాళ్ళు మళ్ళీ చిన్నపిల్లల దగ్గరికి. గానుగెద్దులా తిరుగుతూనే ఉంది. ఈ చక్రం ఎక్కడో ఒకచోట తెగాలంటే ఆ చిన్నపిల్ల దగ్గరే తెగాలంటారు ఆవిడ.

2024లో మరో కబురొచ్చింది. లెనకపవిర్ అనే ఇంజెక్షను, ఆరు నెలలకొకసారి వేయించుకునేది. ఇది ఖురైషా గారు చేసిన పరీక్ష కాదు. లిండా గెయిల్ బెకర్ అనే మరో దక్షిణాఫ్రికా డాక్టరమ్మ నడిపించారు. దక్షిణాఫ్రికాలో, ఉగాండాలో 16 నుంచి 25 ఏళ్ళలోపు ఆడపిల్లలు అయిదు వేలమందికి పైగా పాల్గొన్నారు. అందులో ఈ ఇంజెక్షను వేయించుకున్నవాళ్ళు 2,134 మంది. మొదటి ఫలితాలు వచ్చేనాటికి వాళ్ళలో ఎంతమందికి జబ్బు సోకిందో తెలుసా? ఒక్కరికి కూడా సోకలేదు. ఏడాదికి రెండుసార్లు క్లినిక్‌కి వెళ్ళొస్తే సరి. దాచుకోవడానికి డబ్బా లేదు, మాత్రల గలగల లేదు. 2025 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని వాడమని సిఫారసు చేసింది. దారి చూపించింది మాత్రం ముందు నడిచినవాళ్ళే కదా. ఖురైషా గారికీ, సలీం గారికీ కలిపి 2024లో లాస్కర్ అవార్డు ఇచ్చారు. వైద్యంలో చాలా గొప్పదట అది.

"ఇదీ నా సెమినార్. అర్థమైందా?" అంది మా అమ్మాయి.

అప్పుడు అక్క సంగతి చెప్పాను. 17, 29 అని వయసులు చెప్పగానే నోటుపుస్తకం మూసేసింది. గ్లాసు సంగతి కూడా చెప్పాను. దాచిపెట్టి లాభమేముంది?

"గ్లాసు వల్ల రాదమ్మా" అంది మెల్లిగా.

"అప్పుడు నాకు తెలీదే."

"తెలుసుకుందామనుకున్నావా?"

జవాబు చెప్పలేకపోయాను. ఆ పూట గోరుచిక్కుడు కూర మాడిపోయింది.

ఇంతటితో అయిపోతే ఈ ఉత్తరం మీకు రాసేదాన్ని కాదు. కార్తీకమాసంలో మా అన్నయ్య ఫోన్ చేశాడు. వాళ్ళ అమ్మాయికి సంబంధం వచ్చిందని. మా మేనకోడలు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంకో నాలుగు నెలలకి 18 నిండుతాయి. అబ్బాయికి 30. గల్ఫ్‌లో పని. కట్నం వద్దన్నారు, పెళ్ళి కూడా వాళ్ళే చేస్తామన్నారు. "18 నిండిన మర్నాడే ముహూర్తం" అన్నాడు అన్నయ్య సంబరంగా.

నాకు పెద్దమ్మ గొంతు వినిపించినట్టయింది. ఆ ఆదివారమే బస్సెక్కి వెళ్ళాను.

"అన్నయ్యా, పిల్లని అడిగావా?" అన్నాను.

"దానికేం తెలుసు?"

"పోనీ, పెళ్ళికి ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయిద్దాం. పిల్లకీ, ఆ అబ్బాయికీ కూడా."

వదిన చేతిలో కాఫీ కప్పు ఠక్కున కింద పెట్టింది. అన్నయ్య మొహం ఎర్రబడింది. "వాళ్ళ వంశం ఎలాంటిదనుకున్నావు? ఈ మాట వాళ్ళ చెవిన పడితే సంబంధం ఉంటుందా?"

"ఆ అబ్బాయి బంగారమే కావచ్చు. నేనేమీ అనడం లేదు. అక్క గుర్తుందా అన్నయ్యా?"

అన్నయ్య మాట్లాడలేదు. అక్క పాడె మోసిన నలుగురిలో మా అన్నయ్య ఒకడు. నలుగురు దొరకడమే కష్టమైందా రోజు.

"అక్కని అందరూ జాగ్రత్తగా ఉండొద్దూ అన్నారు. ఏ జాగ్రత్త దాని చేతిలో ఉంది? చదువుందా, సొంతంగా రూపాయుందా? పన్నెండేళ్ళు పెద్దవాణ్ణి కాదు అనే నోరుందా? పరీక్షలో ఇద్దరికీ ఏమీ లేదనే వస్తుంది, అనుకుందాం. అయినా నీ కూతురికి ఆ మూడూ వచ్చేదాకా ఆగు" అన్నాను. ఇంత పొడుగు మాట అన్నయ్య ముందు నా జన్మలో అనలేదు.

"ఇంక నువ్వు బయల్దేరు, బస్సుకి టైమవుతుంది" అన్నాడు.

సంబంధం తప్పిపోయింది. పరీక్ష మాట వాళ్ళదాకా వెళ్ళిందో, అన్నయ్యే వెనక్కి తగ్గాడో నాకు తెలీదు. సంక్రాంతికి మమ్మల్ని పిలవలేదు. అన్నయ్య నాతో ఇంకా మాట్లాడటం లేదు. అది బాధగానే ఉంది, అబద్ధమెందుకు? కానీ మొన్న మా మేనకోడలు వాళ్ళమ్మ ఫోన్‌లోంచి చేసి, "అత్తా, పరీక్షలయ్యాక నన్ను డిగ్రీలో చేర్పిస్తానన్నారు నాన్న" అని చెప్పి గబుక్కున పెట్టేసింది.

దక్షిణాఫ్రికా ఎక్కడ, మనమెక్కడ అనుకోకండి. నిజమే, ప్రపంచంలో ఈ వైరస్‌తో ఎక్కువమంది బతుకుతున్న దేశం అది. మన దేశంలో జబ్బు అంత లేదు. కానీ మన దేశంలో ఈశాన్య రాష్ట్రాలు కొన్నిటి తర్వాత ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, ఆ వెనకే తెలంగాణలో. సిగ్గుపడి ఊరుకుంటే పోయేది కాదు.

నేను ఆలస్యంగా తెలుసుకున్నవి మీరు ముందే తెలుసుకోండి. కలిసి తిన్నా, ఒకే గ్లాసులో తాగినా, ముట్టుకున్నా, దోమ కుట్టినా ఈ జబ్బు రాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష ఉచితం, గుట్టుగా చేస్తారు. మందులూ ఉచితమే. మానకుండా వాడుకుంటే నిండు నూరేళ్ళూ బతకొచ్చు. రక్తంలో వైరస్ పరీక్షకి అందనంతగా తగ్గి అలాగే ఉంటే, కలయిక ద్వారా భార్యకి గానీ భర్తకి గానీ అంటుకోదు. గర్భిణీకి ఉన్నా, వేళకి మందులు వాడితే బిడ్డకి రాకుండా ఆపొచ్చు. జబ్బుందని ఎవర్నైనా ఉద్యోగంలోంచీ బడిలోంచీ తీసేయకూడదని 2017లో చట్టం కూడా చేశారు. ఎవర్నడగాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు.

ఇక మన సంగతి. ఆడపిల్ల గడప దాటుతుంటే "జాగ్రత్తమ్మా" అంటాం. అనండి, తప్పు లేదు. కానీ ఆ జాగ్రత్త పడే వీలు దాని చేతిలో పెట్టామా లేదా అని కూడా ఒకసారి చూసుకోండి. నాలుగు ముక్కల చదువు, సొంతానికి నాలుగు రూపాయలు, వద్దు అనడానికి నోరు, తనదంటూ తాళం వేసుకునే ఒక అర. మొన్న మా అమ్మాయి ఇంటికొచ్చినప్పుడు నా బీరువాలో ఒక అర ఖాళీ చేసి తాళంచెవి దానికిచ్చాను. అందులో ఏం పెట్టుకుంటుందో నేను తీసి చూడనని మాటిచ్చాను. ఇప్పటిదాకా నిలబెట్టుకున్నాను.

మీ ఇంట్లో పిల్లకి అలాంటి అర ఉందా? ఈ పూట వంటయ్యాక చూడండి.